ఆయన కుర్చీలోంచి లేవని రోజు

"అక్కా! ఇది నీ పేరేనా?"

ఆదివారం ఉదయం భోజనాల బల్ల మీద ఐదో తరగతి జవాబు పత్రాలు పరుచుకుని దిద్దుకుంటున్న టీచరమ్మ తలెత్తి చూసింది. చెల్లెలు! బెల్లు కొట్టలేదు, పలకరించలేదు. వీధి తలుపు తోసుకుని నేరుగా వచ్చి, దిద్దుతున్న పేపర్ల మీదే ఒక కాగితం పెట్టింది. గుమ్మంలో ఉండగానే "తినడానికేముంది?" అని అరిచే పిల్ల, ఇంటిల్లిపాదీ పిడుగు అని పిలుచుకునే పిల్ల... ఇవాళ కుర్చీ జరిపినా కూర్చోలేదు.

"ఏమిటే ఆ మొహం? ఏమైంది?"

"ముందు చదువు. నీ పేరా, కాదా?"

ఆ కాగితంలో సగం ఆమెకు అర్థం కాలేదు. పైన ఏదో ఫండ్ పేరుంది, దాని చిరునామా ఉంది. కింద 'అసలు యజమాని' అన్న గడిలో తన పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఈ ఇంటి నంబరు!

"పేరు నాదే... కానీ నాకు ఫండేమిటే? నాకున్నదల్లా బడి జీతం పడే ఖాతా ఒక్కటేగా!"

చెల్లెలు నవ్వింది.

"ఎంత బాగా చెబుతున్నావక్కా! నేనూ అలాగే అనుకున్నా. ఆ పేరు గల మనిషి ఇంకెవరో అనుకున్నా. ఇంటి నంబరు చూశాక రెండు రోజులు ముద్ద దిగలేదు నాకు."

చెల్లెలిది చిన్న కంపెనీ. బళ్లో టీచరు మాట్లాడుతుంటే ఆ మాటలు అక్షరాలై వినికిడి లేని పిల్లల ముందు కనబడేలా ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. నాలుగేళ్లు తిండీ నిద్రా మానుకుని చేసిన పని అది. దానికి మాటలు నేర్పడానికి మొట్టమొదట గొంతు అరువిచ్చింది అక్కే. సెలవు రోజుల్లో గంటల తరబడి పాఠాలు చదివి వినిపించేది. ఇక అక్క భర్త పనిచేసే పెద్ద కంపెనీ బళ్లకు ఎలక్ట్రానిక్ పలకలు అమ్ముతుంది. అందులో ఆయనది రెండో కుర్చీ. ఆ పలకల్లో చెల్లెలి సాఫ్ట్‌వేర్ పెట్టాలా, ఇంకో కంపెనీది పెట్టాలా అన్న ప్రశ్న ఆర్నెల్ల కిందట వాళ్ల బోర్డు ముందుకు వచ్చింది.

ఆ రోజు సంగతి ఈ ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నారో! 'ఇది నా మరదలి కంపెనీ. దీని గురించి మాట్లాడుకునేటప్పుడు నేను ఇక్కడ ఉండకూడదు' అని ఆయన కుర్చీలోంచి లేచి, తలుపు దగ్గరగా వేసి బయటికి వెళ్లిపోయాడట. అయినవాళ్ల వ్యవహారం వచ్చినప్పుడు పదవిలో ఉన్నవాళ్లు అలా లేచి వెళ్లాలన్నది అక్కడి నియమం. నియమాలు అందరికీ ఉంటాయి, లేచేవాళ్లు తక్కువ. అందుకే లేచినవాడికి పేరొచ్చింది. చెల్లెలికి మాత్రం ఆ ఒప్పందం రాలేదు. వచ్చి ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చిన చెల్లెలి జుట్టు నిమిరి, "మీ బావ నోరు తెరవకూడదే. ఆయన నీతి అలాంటిది. మనకింతే ప్రాప్తం అనుకో" అని సర్దిచెప్పింది ఈ అక్కే!

"ఆ ఇంకో కంపెనీలో మూడో వంతు ఈ ఫండ్‌ది," అంది చెల్లెలు, కాగితం మీద వేలు పెట్టి. "ఫండ్ల వెనక అసలు మనుషులెవరో పేర్లు బయటపెట్టాలని కొత్త నియమం వచ్చింది. మొన్న పెట్టారు. ఇదిగో, బయటపడ్డావు. నా సంగతి వచ్చినప్పుడు బావ లేచి వెళ్లాడు. దాని సంగతి వచ్చినప్పుడు లేవలేదు. కాలు మీద కాలు వేసుకుని కూర్చునే ఉన్నాడు! మీ ఇంటి కంపెనీకి మీ ఆయనే చెయ్యెత్తాడు!"

"పిడుగూ..."

"ఆ పేరుతో పిలవకు నన్ను. పదకొండు మందిని పనిలోంచి తీసేశాను. ఒక్కొక్కళ్లనీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, మా బావ నిజాయితీపరుడు, మనకే రాసిపెట్టి లేదు అని చెప్పాను. నా నోటితో నేనే చెప్పానక్కా!"

"నాకేమీ తెలియదే. అమ్మ తోడు..."

"అమ్మ మీద ఒట్టు పెట్టకు!" చెల్లెలు కాగితం వెనక్కి లాక్కుంది. "నీ సంతకం లేకుండా నీ పేరు కాళ్లు మొలిచి నడిచి వెళ్లిందా అక్కడికి? వాళ్ల బోర్డుకి ఫిర్యాదు పంపించే వస్తున్నాను. నువ్వేం చెబుతావో విందామని రాలేదు. చెబుతున్నప్పుడు నీ మొహం ఎలా ఉంటుందో చూద్దామని వచ్చాను. చూశాను."

వెళ్లిపోయింది. అమ్మ పోయి పదకొండు నెలలు. పదేళ్లు చిన్నదాన్ని చంకనేసుకుని తిప్పిన అక్కకు పిల్లలు లేని లోటు తెలియనివ్వనిది ఆ ఒక్క చెల్లెలే. తెరిచి ఉన్న తలుపు వైపు చూస్తూ ఆమె ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలియదు.

'నీ సంతకం లేకుండా...' ఆ మాటే చెవిలో తిరిగింది.

కాగితాల విషయంలో ఆ ఇంటికో అలవాటుంది. ఆయన తెస్తాడు. సంతకం చేయాల్సిన చోటల్లా పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు పెట్టి ఉంటుంది. ఆమె వంట మధ్యలోనో, పేపర్లు దిద్దుతూనో చేయి తుడుచుకుని, గుర్తు ఉన్న చోటల్లా సంతకం చేస్తుంది. తర్వాత ఆయన రబ్బరుతో ఆ గుర్తులు శుభ్రంగా చెరిపేస్తాడు. "ఏమిటండీ ఇవి?" అని మొదట్లో అడిగేది. "ఇన్సూరెన్సు." "పన్ను." ఒక్క మాటలో జవాబు. కొన్నాళ్లకు అడగడం కూడా మానేసింది. పదిహేడేళ్లు! 'ప్రశ్న రెండుసార్లు చదివాకే కలం పట్టుకోండి' అని పిల్లల చెవిలో ఇల్లు కట్టుకుని పోరే మనిషి, సొంత ఇంట్లో ఒక్క కాగితమూ ఒక్కసారైనా చదవలేదు.

ఆయన్ని వెంటనే అడగలేదు. అనుమానం పెనుభూతం అంటారు. అది ఇంట్లోకి వచ్చాక ముందు మన నోరే కట్టేస్తుంది. ఆయన ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్తే ఆమె వంటింటి కిటికీ దగ్గర కొళాయి కట్టేసి నిలబడేది. ఆయన నవ్వితే ఎందుకు నవ్వాడు? నవ్వకపోతే ఎందుకు నవ్వలేదు? ఇంకో ఆడదెవరైనా ఉందా, ఆ సొమ్మంతా అక్కడికి చేర్చడానికి నా పేరు అడ్డం పెట్టాడా? ఉతకడానికి వేసిన చొక్కా ఒకటి తీసి వాసన చూసింది. సబ్బు వాసన, చెమట వాసన. అంతే. తన మీద తనకే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పరాయి ఆడదాని అత్తరు వాసన తగిలి ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది కూడా! అలాంటి ద్రోహం జరిగితే ఏం చేయాలో చెప్పడానికి తోటి టీచర్లు పదిమంది ఉన్నారు. దీనికి ఏం చేయాలో ఎవరినడగాలి?

బుధవారం బడి ఒంటిపూటే. ఇంటికి వచ్చి, గడ్డం గీసుకునే సామాన్ల డబ్బాలో ఆయన దాచే తాళంచెవి తీసి, బల్ల సొరుగు తెరిచింది. నీలం అట్ట ఫైలు. పైన ఆ ఫండ్ పేరు. నాలుగో పేజీలో తన సంతకం! పక్కనే, చెరిపినా కాగితం మీద మిగిలిపోయిన ఇంటూ గుర్తు గాడి.

సంతకం కింద తేదీ మీద ఆమె వేలు ఆగింది.

అమ్మ ఆస్పత్రిలో ఉన్న వారం అది. అడ్మిషన్ కాగితాలు, పరీక్షల కాగితాలు, రక్తం కాగితాలు. వరండా బెంచీ మీద కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ, ఎవరేది ఇస్తే దాని మీద సంతకం చేసిన రోజులు. ఆయన పక్కనే కూర్చుని ఒక్కొక్కటే తిప్పి చూపించాడు. 'ఇక్కడ... ఇక్కడ కూడా' అని ఎంత మెల్లగా చెప్పాడు! ఎంత ఓపిక ఈ మనిషికి అనుకుంది ఆ వేళ. ఆ కాగితాల మధ్యలో ఇది కూడా ఉందా? ఆ సమయంలో తను చదవదని తెలిసే తెచ్చాడా? లేక ఆ రోజే గడువు ఉండి, వేరే దారి లేక తెచ్చాడా? ఏది నిజమైతే తనకు కాస్త తక్కువ నొప్పి?

ఇంకో సంగతి కూడా ఉంది. సాక్షి అన్న చోట గుండ్రటి అక్షరాలతో అత్తగారి సంతకం!

అత్తగారు పక్క గదిలో బట్టలు మడత పెడుతోంది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసి వచ్చిన మనిషి. మందుల సీసా మీది చీటీ కూడా చివరి అక్షరం దాకా చదివితే గానీ మూత తియ్యదు.

"అత్తయ్యా, ఇది మీ సంతకమేగా?"

"కళ్లద్దాలు ఎక్కడో పెట్టానమ్మాయ్, కనబడట్లేదు."

"మీ నెత్తి మీదే ఉన్నాయి."

అత్తగారు చేయి పైకి పెట్టి తడుముకుంది. కిందికి దించుకోలేదు. "వయసైపోయింది. ఏం చేస్తున్నానో నాకే తెలియడం లేదు."

"చదవకుండా చేశారా? మీరా?"

"సాయంత్రం వాడొస్తాడుగా, వాణ్నే అడుగు. మొగుడూపెళ్లాల మధ్య నన్ను లాగకు తల్లీ." మడిచిన దుప్పటినే విప్పి మళ్లీ మడవడం మొదలుపెట్టింది.

ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. ఈవిడకూ తెలుసు! ఈ ఇంట్లో తెలియనిది తనకొక్కదానికే. తన పేరు మీద ఉన్నది తనకు తప్ప అందరికీ తెలుసు!

ఆ రోజు ఆయన నాలుగింటికే వచ్చేశాడు. వస్తూనే బ్యాగు సోఫాలో పడేసి, "మీ చెల్లెలు ఎంత పని చేసిందో తెలుసా? ముగ్గురితో విచారణ కమిటీ వేశారు నా మీద!" అన్నాడు.

ఆమె నీలం ఫైలు ఆయన ముందు పెట్టింది.

ఆయన దాన్ని చూశాడు, ఆమెను చూశాడు, కూర్చున్నాడు. "చెబుదామనే అనుకున్నాను..." అంటూ మొదలుపెట్టాడు. ఫండ్ అంటే మూతి కట్టేసిన సంచీ లాంటిదట. బయట సంచీ పేరు తప్ప లోపల ఎవరి సొమ్ముందో కనబడదట. పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు చాలామంది అలా పెట్టుకుంటారట.

"నీ కోసమే చేశాను. ఈ ఉద్యోగం ఇవాళుంటుంది, రేపుండదు. నాకేమైనా అయితే నీకెవరున్నారు? పిల్లలా, జెల్లలా?"

"అంత మంచి పనైతే నాకెందుకు చెప్పలేదండీ?"

"చెబితే నువ్వు వెళ్లి మీ చెల్లెలికి చెప్పేస్తావు."

ఆ మాట అనేశాక ఆయనకే తెలిసింది ఏమన్నాడో.

"మరి ఆ రోజు లేచి వెళ్లారే, దాని కంపెనీ మాట వచ్చినప్పుడు?"

"రూలు ప్రకారం లేచాను. బంధువుల జాబితాలో మరదలు ఉంది."

"పెళ్లాం లేదా జాబితాలో?"

"ఉంది. కానీ అక్కడ ఫండ్ పేరే ఉంది కదా, నీ పేరు లేదు. ఎవరూ నన్ను అడగలేదు."

"మీకు తెలుసుగా!"

ఆయన రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. భుజాలు కదలడం చూసి ఆమె నిర్ఘాంతపోయింది. పదిహేడేళ్లలో ఆ మనిషి ఏడవడం ఆమె ఎరగదు! ఏడుస్తూనే చెప్పాడు: ఉద్యోగం ఒక్కటే అయితే పోనీ అనుకోవచ్చు, కేసు పెడితే ఈ వయసులో జైలు కూడా తప్పకపోవచ్చు. ఒక్క దారి ఉంది. ఆ ఫండ్ ఆమే స్వయంగా పెట్టిందని, ఆయనకు తెలియనివ్వలేదని కమిటీకి రాసివ్వాలి. ఆమె ఆ కంపెనీ ఉద్యోగి కాదు, ఆమెను ఎవరూ ఏమీ చేయరు. తన తల్లి సాక్షి సంతకం ఎలాగూ ఉంది, ఆవిడా అలాగే చెబుతుంది.

"నిన్ను ఇంకేదీ అడగను. ఈ ఒక్కటీ..."

అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు రోజూ ఫ్లాస్కులో పాలు పట్టుకొచ్చిన చేతులవి. చెల్లెలు ఎలాగూ తనను నమ్మక వెళ్లిపోయింది. ఒక కొంప కాలనే కాలింది. రెండోది కూడా అంటించుకోవడం దేనికి? బడిలో నలుగురూ నాలుగు అంటారు. అననీ. అబద్ధం ఆడిందన్న పాపం ఒకటి మోయాలి. మోస్తుంది. ఆడవాళ్లు మోయనిదేముంది లోకంలో!

"సరే," అంది.

శనివారం మధ్యాహ్నం లాయరు వచ్చాడు. మెత్తటి గొంతు, మెత్తటి చెప్పులు. మంచినీళ్లు తాగిన గ్లాసు కూడా చప్పుడు కాకుండా పెట్టాడు. తోలు సంచీలోంచి ఐదు కాగితాలు తీసి ఆమె ముందు సర్దాడు. ప్రతి పేజీ కిందా పెన్సిల్ ఇంటూ గుర్తు. ఆ అలవాటు కూడా లాయరుకు చెప్పి పెట్టాడన్నమాట ఈయన!

కలం చేతికిచ్చారు. ఆమె కలం పక్కన పెట్టి, మొదటి కాగితం తీసుకుంది.

"అంతా మామూలు భాషేనమ్మా, చదవాల్సిందేమీ లేదు," అన్నాడు లాయరు.

"బడి టీచర్నండీ. మెల్లగా చదువుతాను, ఏమీ అనుకోకండి."

భర్త గడియారం చూసుకున్నాడు. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. మొదటి పేజీ అయింది. రెండోదీ అయింది. అందులో ఉన్న అబద్ధాలన్నీ ఆమె ఒప్పుకున్నవే. ఒక్కొక్కటీ చేదు మందులా మింగుతూ చదివింది. మూడో పేజీ మధ్యలో ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. రెండుసార్లు!

'మా తల్లి చివరి రోజుల్లో ఆమెకు ఆపరేషన్ చేయించే విషయమై నాకూ నా చెల్లెలికీ తీవ్రమైన గొడవ జరిగి మాటలు లేవు. ఆ కక్షతో, ఆమె వ్యాపారం దెబ్బతినాలన్న ఉద్దేశంతో, పోటీ కంపెనీలో నేను స్వయంగా పెట్టుబడి పెట్టాను.'

ఆ గొడవ నిజమే. ఆపరేషన్ చేయించుదామని చెల్లెలు, అమ్మ ఒళ్లు తట్టుకోదు వద్దని తను. "నువ్వు చిన్నదానివి, నీకేం తెలుసు" అని కసిరింది. మూడు వారాలు అమ్మ మంచానికి చెరో వైపు కూర్చుని ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. అమ్మ పోయింది. ఆ తర్వాత ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారే గానీ, ఆ మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు. ఆపరేషన్ చేయించి ఉంటే బతికేదేమో, నేనే చంపుకున్నానేమో అని ఆమె ఈ లోకంలో ఒక్క మనిషితోనే చెప్పుకుంది. దిండులో మొహం దాచుకుని, ఒక్కసారి.

ఆ మనిషి వైపు తిరిగింది.

"ఇది మీరే చెప్పారా వీరికి?"

"అది... ఏదో ఒక కారణం ఉండాలి కదా. కారణం లేకపోతే కమిటీ నమ్మదు," అన్నాడు ఆయన, ఆమె కళ్లలోకి చూడకుండా.

"కావాలంటే ఆ వాక్యం కాస్త మెత్తగా మార్చుకోవచ్చమ్మా," అన్నాడు లాయరు.

ఆమె కాగితాలు అంచులు కలిపి సర్ది, భర్త ముందుకు జరిపింది. ఏడవలేదు. బడిలో చూచిరాత పట్టుకున్నప్పుడు కూడా ఆమె గొంతు అలాగే ఉంటుంది. "నా పేరు తీసుకున్నారు, ఇచ్చాను. నా మాట అడిగారు, అదీ ఇస్తానన్నాను. మా అమ్మ చావు ఎందుకు తీసుకున్నారండీ? అది మీకు చెప్పుకున్నాను గానీ మీకివ్వలేదు. ఈ సంతకం నేను చేయను."

"ఆవేశపడకు! అమ్మా, నువ్వైనా చెప్పు దీనికి. నువ్వు సాక్షివి. ఇదే పెట్టిందని నువ్వు చెబితే సరిపోతుంది!"

అత్తగారు వంటింట్లోంచి వచ్చింది. నెత్తి మీది కళ్లద్దాలు కిందికి దించుకుని, బల్ల మీది కాగితం తీసుకుని, ఆ మూడో పేజీ తనూ చదివింది. చదవడం అయ్యాక కోడలి వంక చూసింది.

"ఆ రోజు నేను చదివే చేశానమ్మాయ్ సంతకం. అది ఆస్పత్రి కాగితం కాదని నాకు తెలుసు. నీకు చెప్పాలనీ తెలుసు. కొడుకు కదా అని నోరు మూసుకున్నాను."

"అమ్మా! నువ్వు లోపలికెళ్లు!"

"లోపలే ఉన్నాన్రా ఇన్నాళ్లూ," అంది ఆవిడ.

కమిటీ ముందుకు అత్తాకోడళ్లిద్దరూ కలిసే వెళ్లారు. పొడుగాటి గదిలో ముగ్గురు మనుషులు కూర్చున్నారు. మధ్యలో ఉన్నావిడ నెరిసిన జుట్టు వెనక్కి దువ్వుకుని ఉంది. ఆవిడే ఎక్కువగా అడిగింది.

"ఈ ఫండ్ మీరు తెలిసి పెట్టారా?"

"తెలియక సంతకం పెట్టాను. చదవకపోవడం నా తప్పు. చెప్పకపోవడం ఆయన తప్పు. దయచేసి రెండూ విడివిడిగా రాసుకోండి."

అత్తగారిని కూర్చోమంటే కూర్చోలేదు. "వాడు నా కొడుకు. ఇక్కడికొచ్చి చెప్పడం కంటే చావడం సులువు నాకు. కానీ ముప్పై ఏళ్లు వేలి ముద్రలు వేయించాను. సాక్షి అంటే ఏమిటో ఊళ్లో అందరికీ చెప్పి, నేను మర్చిపోతే ఎలా? వాడు ఆస్పత్రి కాగితాల్లో దీన్ని కలిపి ఇస్తుంటే నేను చూశాను," అని, ఇంకొక్క మాట కూడా అనకుండా బయటికి వచ్చేసింది. మెట్ల దగ్గర మాత్రం కోడలి చేయి గట్టిగా పట్టుకుంది.

ఆయన ఉద్యోగం పోయింది. జీతం బకాయిలు, బోనసు వదులుకుంటానని రాసిచ్చాక కేసు లేకుండా వదిలేశారు. చట్టం ప్రకారం ఆ ఫండ్ ఆమెదే, కావాలంటే ఉంచుకోవచ్చు అని కమిటీ వాళ్లే చెప్పారు. ఆమె ఆ వాటా మొత్తం ఆయన పనిచేసిన కంపెనీకే రాసిచ్చేసింది. ఆ కాగితాలు ఇరవై రెండు పేజీలు. అన్నీ చదవడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా గుమాస్తా ఆవలిస్తూ కూర్చున్నాడు.

చెల్లెలికి మాత్రం ఏమీ తిరిగి రాలేదు. ఆ రెండో కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న పలకలు అప్పటికే బళ్లకు చేరిపోయాయి. ఒప్పందం ఐదేళ్లది. తప్పు జరిగిందని కమిటీ రాసింది. తప్పును రాయగలిగారు గానీ దిద్దలేకపోయారు.

దర్జీ దుకాణం పైన రెండో అంతస్తులో ఉండే చెల్లెలి ఆఫీసు ఖాళీ చేస్తున్నారని విని, ఒక శనివారం మధ్యాహ్నం అక్క వెళ్లింది. మనుషులెవరూ లేరు. కుర్చీలన్నీ పోయాయి. చెల్లెలొక్కతే నేల మీద కూర్చుని తీగలు చుట్టచుడుతోంది. తలెత్తి చూసి, మళ్లీ తీగల మీదికి వంగింది.

"కమిటీ రిపోర్టు నాకూ పంపించారు," అంది కాసేపటికి.

"ఊఁ."

"ఎందుకు చెప్పావు? నిజం కోసమా, నా కోసమా?"

అక్క ఆలోచించింది. ఈ మధ్య ఆమె తన మాటల్ని కూడా అనుమానంగానే చూసుకుంటోంది. "రెండూ కాదే. కోపమొచ్చి చెప్పాను. నువ్వు అలా వెళ్లిపోయాక, వాళ్లు రాసిచ్చిన అబద్ధం మీద సంతకం చేద్దామనే అనుకున్నాను. ఆ కాగితంలో అమ్మ లేకపోతే చేసేసేదాన్నే. నువ్వు నన్ను మెచ్చుకోవడానికేం లేదు."

చెల్లెలి చేతులు ఆగాయి. "బావ ఎలా ఉన్నాడు?"

"ఇంట్లోనే. మా అత్తగారూ ఆయనా మాట్లాడుకోరు. మొన్న ఒక మాటన్నాడు. 'నీ కోసం నీ పేరు పెట్టానన్నది అబద్ధం. నా పేరు పెట్టుకోలేక నీది పెట్టాను' అని. పదిహేడేళ్లలో ఆయన నాతో చెప్పిన మొదటి నిజం అదేనేమో. అది విన్నాక మాత్రం ఇల్లు వదిలి రాబుద్ధి కాలేదు. ఉంటున్నాను."

"నమ్ముతావా మళ్లీ?"

"అడుగుతున్నాను. ప్రతిదీ అడుగుతున్నాను. విసుక్కోకుండా చెబుతున్నాడు."

కింద దర్జీ మిషను నడిచి ఆగింది. చెల్లెలు తీగల చుట్టను పక్కన పెట్టి, గోడ వైపు చూస్తూ అడిగింది: "అక్కా... ఆపరేషన్ చేయించి ఉంటే అమ్మ బతికేదా?"

అమ్మ పోయాక ఇద్దరూ ఎత్తని మాట!

"తెలీదే. నిజంగా తెలీదు. తెలియకుండానే వద్దన్నాను. భయమేసింది... టేబుల్ మీదే పోతుందేమోనని. నీకేం తెలుసు అన్నాను చూడు, ఆ మాట మాత్రం తప్పు. నాకూ ఏమీ తెలీదు అప్పుడు."

చెల్లెలు మోచేత్తో ముక్కు తుడుచుకుంది, చిన్నప్పటిలాగే. "నిన్ను నమ్మడానికి నాకు టైం పడుతుంది."

"పట్టనీ."

"వచ్చావు కాబట్టి ఒక చెయ్యెయ్యి. ఈ బల్ల కిందికి దించాలి. మనుషుల్ని పెట్టడానికి డబ్బుల్లేవు."

బరువైన బల్ల. చెల్లెలు ముందు, అక్క వెనక. మొదటి మెట్ల వరస బాగానే దిగారు. మలుపు దగ్గర బల్ల కాలు గోడకు తగిలి ఇరుక్కుంది.

"నీ వైపు ఎత్తక్కా!"

"ఎత్తానే! నువ్వే గోడకేసి నొక్కుతున్నావు."

"అంతేలే, ఎప్పుడూ నాదే తప్పు!"

ఇద్దరూ ఒక్కసారే ఆగిపోయారు. కింద దర్జీ బయటికి వచ్చి తల పైకెత్తి చూసి, ఏమనుకున్నాడో, మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయాడు. బల్లను మెట్ల మీదే ఆన్చి, దానికి చెరో వైపు కూర్చుని, అక్కచెల్లెళ్లిద్దరూ అమ్మ కోసం ఏడ్చారు. ఎవరి కన్నీళ్లు వాళ్లే తుడుచుకున్నారు. తర్వాత చెల్లెలు లేచి, తన వైపు కాస్త వెనక్కి జరిపింది. బల్ల కదిలింది.